ఆయిషుమ్మ నేర్పిన హజ్ పాఠం

సినిమా తార, టీవీ నటి అనే మాట వినగానే మన ఇళ్ళలో పెద్దలు ముఖం చిట్లిస్తారు. అందులో వింతేమీ లేదు. నటనను ఉలమాలు ప్రోత్సహించలేదు. ఆడపిల్లలను ఆ రంగానికి పంపమని మేమూ చెప్పబోవటం లేదు. అయితే మంచి మాట ఎక్కడ దొరికినా ఏరుకోవటం విశ్వాసి లక్షణం. ఆ దృష్టితోనే ఈ వారం నటి జరీనా వహాబ్ గురించి నాలుగు మాటలు.

జరీనా మన కోస్తా ఆడబిడ్డ. విశాఖపట్నంలో ముస్లిం కుటుంబంలో జన్మించారు. మనలో చాలామందిలాగే ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవారు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందారు. రాజమండ్రిలో పుట్టిన దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు తీసిన 'గాజుల కిష్టయ్య' (1975)లో కృష్ణతో కలిసి నటించారు. మరుసటి ఏడాది వచ్చిన హిందీ చిత్రం 'చిత్‌చోర్' ఆమెను దేశమంతటికీ పరిచయం చేసింది. 1977లో 'ఘరోందా', ఆపై మలయాళంలో 'మదనోత్సవం', 'చామరం' వచ్చాయి. వయసు పైబడ్డాక తల్లి పాత్రలకు మారారు. టీవీ సీరియళ్ళలోనూ కనిపించారు. 'మై నేమ్ ఈజ్ ఖాన్' (2010)లో, మతకల్లోలాల వేళ మనుషుల్లో మంచివారు, చెడ్డవారు తప్ప వేరే తేడా లేదని కొడుక్కు నేర్పే తల్లి ఆమే.

కానీ మనం ముఖ్యంగా చెప్పుకోవలసింది సలీం అహ్మద్ తీసిన మలయాళ చిత్రం 'ఆదామింటె మగన్ అబు' గురించి. 58వ జాతీయ అవార్డులలో అది ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. అబు అత్తరు, ధార్మిక పుస్తకాలు అమ్ముకునే ముసలివాడు. అతని భార్య ఆయిషుమ్మగా జరీనా నటించారు. దంపతుల కోరిక ఒక్కటే, హజ్. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెడతారు. ఆవులను అమ్ముతారు. చివరకు పెరట్లోని పనసచెట్టునూ బేరం పెడతారు. కొట్టి చూస్తే చెట్టు లోపల డొల్ల! కొన్న జాన్సన్ అయినా సరే పూర్తి సొమ్ము ఇస్తానంటాడు. ఇంకా కొందరు సాయానికి ముందుకొస్తారు. అబు ఎవరి దగ్గరా తీసుకోడు. తనది కాని సొమ్ముతో హజ్ చేయనంటాడు. ప్రయాణం ఆగిపోతుంది. అతను మళ్ళీ పనస మొక్క నాటుతాడు.

ఖుర్ఆన్ (3:97) హజ్‌ను స్తోమత గలవారికే విధి చేసింది. స్తోమత అంటే చేతిలో డబ్బుండటమే కాదు, ఆ డబ్బు హలాల్ కావటం కూడా. మన గోదావరి జిల్లాల్లోనూ జుమా రోజున మసీదు గుమ్మం దగ్గర అత్తరు సీసాలు, టోపీలు పెట్టుకుని కూర్చునే పెద్దలున్నారు. వారిలో ఎందరికి మక్కా చూసే భాగ్యం కలిగింది? మరోవైపు చెల్లెలి వారసత్వ వాటా ఎగ్గొట్టి, కొడుకు పెళ్ళిలో కట్నం పుచ్చుకుని, ఆ సొమ్ముతో హాజీ అనిపించుకుంటున్నవారూ మన మధ్యే ఉన్నారు. ఎవరి స్తోమత నిజమైనది?

సోదర సోదరీమణులారా! హజ్ దరఖాస్తు నింపే ముందు ఇంట్లో కూర్చుని లెక్క చూసుకుందాం. బాకీలు తీర్చుదాం, ఆడపడుచుల హక్కు వారికి అప్పగిద్దాం, మనసు నొప్పించినవారిని క్షమాపణ అడుగుదాం. హలాల్ సంపాదనతో తన గృహాన్ని దర్శించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.