చదువు పద్దు తెచ్చు యంత్రపు గుమాస్తా

మన సంఘ సభ్యుల పిల్లలు పలువురు చేతిఫోనుపై ఆన్‌లైను కోర్సులలో చేరుచున్నారు. ఒకరు తేనెటీగల పెంపకము, ఒకరు భూసార పరీక్ష, మఱియొకరు లెక్కలు వ్రాయుట. చేరునది రెండు మూడు చోట్ల. నాట్లు వచ్చినతోడనే చదువు ఆగును. కలుపుతీత ముగిసి మరల ఫోను తెఱచునప్పటికి ఏ పాఠము ఎచ్చట నిలిచినదో జ్ఞాపకముండదు. ఈ లోటు తీర్చుటకు క్రొత్తగా నొక సాధనము వచ్చినది. “నేను చేరిన కోర్సులెవ్వి? ఎంతవఱకు చదివితిని?” అని తెలుగుననే యడిగినచో, కృత్రిమమేధ ఏజెంటు ఆ పద్దులను తెప్పించి చదివి చెప్పును. మేము దీనిని కొన్ని మాసములుగా వాడి చూచితిమి గనుక దాని మేలును లోపమును విన్నవించుచున్నాము.

ఏజెంటునకు తనంతట ఏ పద్దును చూచు శక్తి లేదు. దాని చేతికొక పనిముట్టు నియ్యవలెను. ఆ పనిముట్టు పేరు, అది చేయు పని, దానికి కావలసిన వివరములు ముందే వ్రాసియుంచుదురు. మన ప్రశ్ననుబట్టి ఏజెంటు చీటి వ్రాసినట్లు కోరిక పంపును; వేఱొక ప్రోగ్రాము ఆ చీటిని కోర్సు నడుపు స్థలమునకు గొనిపోయి, టోకెను అను తాళపుచెవి చూపి, జవాబు తెచ్చును. సంఘపు గుమాస్తా బ్యాంకునకు పోయి పాసుపుస్తకము వ్రాయించుకొని వచ్చుట వంటిదే. ఇట్టి పనిముట్లను తగిలించుటకు ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఉమ్మడి పద్ధతిని బహిరంగముగా ప్రకటించినది.

కోర్సులు నడుపుటకు బహుళముగా వాడబడు సాఫ్ట్‌వేరు మూడిల్. దీనిని ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామాస్ 2002లో వెలువరించెను. విద్యార్థి చేరిన కోర్సులను తెమ్మనినచో, ఇందు కోర్సు పేరుతోపాటు ప్రగతి శాతమును వచ్చును. ఈ శాతము జ్ఞానపు కొలత కాదు. ఉపాధ్యాయుడు గుర్తువేయ నేర్పఱచిన పనులలో ఎన్నిటికి ‘పూర్తి’ గుర్తు పడెనో ఆ లెక్క మాత్రమే. కొన్ని పాఠములకు పుట తెఱచినంతనే గుర్తు పడును. కొన్నిటికి విద్యార్థియే మీట నొక్కి పూర్తియైనదనవచ్చును. అడంగలులో వరి యని వ్రాసియున్నంత మాత్రమున పొలములో వరి యుండునా?

దీనికి విపర్యయము మేము కన్నులార చూచితిమి. మా ప్రాంతమున నొక రైతు కుమార్తె పుట్టగొడుగుల పెంపకపు కోర్సులో చేరెను. ఒకనాడు తండ్రి మా యెదుటనే, ఆమె ఫోనులోనే, ఏజెంటు నడిగించెను. “ప్రగతి సున్న” అని జవాబు వచ్చినది. ఆయన మొగము చిన్నబోయినది. “రాత్రులు మేలుకొని చదివితినంటివే అమ్మా!” అనెను. ఆ పిల్ల మాటాడక లోనికి పోయి నోటుపుస్తకము తెచ్చినది. గడ్డి ఉడకబెట్టుట మొదలు కోత వఱకు తొమ్మిది పాఠములును చక్కగా వ్రాసియున్నవి.

పనిముట్టు తెచ్చిన మూలపు జవాబును విప్పి చూచితిమి. అచ్చట సున్న లేదు. ఆ గడి ఖాళీ. ఆ కోర్సు నడుపువారు పూర్తి గుర్తులు వేయు ఏర్పాటే చేయలేదు. అట్టి కోర్సునకు మూడిల్ ప్రగతి గడిని ఖాళీగా విడుచును. ఖాళీని ఏజెంటు సున్నగా చదివినది. పనిముట్టు నమర్చిన యువకునిచేత, “గడి ఖాళీయైనచో సున్న యనక, లెక్క ఉంచలేదని చెప్పవలెను” అని వివరణలో వ్రాయించితిమి. మరల నడుగగా అట్లే చెప్పినది. అయినను, ముఖ్యమైన సందర్భమున మూలపు జవాబు చూపుమని అడుగుటయే మేలు.

చేరిక విషయమునను జాగ్రత్త వలయును. 2017లో ప్రారంభమైన స్వయం వేదికపై ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సులలో చేరుట ఉచితము. యోగ్యతాపత్రము కావలెనన్న, పరీక్షకు వేఱుగా నమోదై రుసుము కట్టవలెను. ఇంటిపనికి 25 పాళ్లు, పర్యవేక్షణలో వ్రాయు పరీక్షకు 75 పాళ్లు. మొదటిదానిలో 10, రెండవదానిలో 30 తప్పక రావలెను. “మీరు చేరియున్నారు” అను ఏజెంటు మాట విని పరీక్ష నమోదు కూడ ముగిసినదని కూర్చున్నవానికి గడువు దాటిపోవును. “పరీక్షకు నమోదైతినా?” అని ప్రత్యేకముగ నడుగవలెను, ఆ పద్దు పనిముట్టునకు అందనిదైనచో, తామే పుట తెఱచి చూచుకొనవలెను.

టోకెను సంగతి యొకటి. చదువుటకు మాత్రమే అధికారము గలదానినే యియ్యవలెను. మార్పులు చేయు అధికారమిచ్చినచో, పొరపాటున కోర్సునుండి తొలగించుటయు సంభవింపవచ్చును. సంఘముల ముద్రలు తాళములేని సొరుగులలో దొర్లుచుండుట మేమెఱుగుదుము. టోకెనునకు ఆ గతి పట్టింపవలదు. పిల్లల టోకెనును వారి యనుమతి లేక పెద్దలు వాడుటయు మాకు సమ్మతము కాదు.

ఈ సాధనము నమర్చుకొనగోరు సభ్యులు సంతదినమున ఫోనుతో సంఘపు కచేరికి వచ్చినచో, మేము దగ్గఱనుండి చూపెదము. నోటుపుస్తకమున్నవారు దానినికూడ తెచ్చునది.