మాటల పోటీకి గింజల రూల్

కథ ఆటలో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో మనుషులై మాట్లాడతారు. ఇలాంటి ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో అచ్చు వేయించారు. అందులో కత్తియుద్ధం వస్తే పాచికలు వేస్తారు. మరి మాటలతో ఒప్పించాలంటే?

మన దగ్గర తెలుగు గడగడ మాట్లాడేవాళ్లే గెలుస్తున్నారు. ఇంట్లో గోండి మాట్లాడే మేము మూలకు కూర్చుంటున్నం. అందుకే ఈ రూల్ తయారుచేశాను.

పటాన్‌చెరులో ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు అనుకోండి. ఏం కావాలె, ఎందుకు కావాలె, రెండు ముక్కల్లో చెప్పాలి. ఏ భాషైనా సరే, పక్కనున్నామె తెలుగులో చెప్తది. తర్వాత అష్టాచెమ్మకు వేసినట్లే, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతగింజలు వేయాలి. “నాన్నకు మందుబిళ్లలు ఇయ్యాలె” లాంటి కారణం చెప్తే రెండు తెల్లవి పడ్డా చాలు. ఉత్తగ బతిమాలితే మూడు పడాలి. నాలుగు గింజలు 16 రకాలుగా పడొచ్చు. రెండు లేక ఎక్కువ తెల్లవి వచ్చేవి 11, మూడు లేక ఎక్కువ వచ్చేవి 5 మాత్రమే. కారణానికి అంత బలం! పడకపోతే కథ ఆగదు. వాచ్‌మన్ “సార్ వచ్చేదాక ఆగు” అంటడు, ఇంకో దారి వెతకాలె.

ఇంకొకటి, మనలో ఒకరు ఇంకొకరిని ఒప్పించడానికి గింజలు వేయొద్దు. “నా గొలుసు ఇయ్యను” అని ఒకామె అంటే నాలుగు తెల్లవి పడ్డా ఇయ్యదు, ఆమె ఇష్టం. (వార్డెన్ మేడం మీద కూడా గింజలు పనిచేయవు.)

గింజలు నా పెట్టెలో ఉన్నాయి. ఆదివారం బట్టలు ఉతికినంక రండి.