కార్మికుడి వేదిక: జానీ లీవర్ హాస్యజీవితం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కనిగిరిలో జన్మించి ముంబయిలోని ధారావిలో పెరిగిన జానీ లీవర్ హిందీ చలనచిత్ర హాస్యనటుడిగా సుప్రసిద్ధులు. అయితే సినిమాలకు ముందే ఆయన ఏకవ్యక్తి హాస్యప్రదర్శనను, అంటే స్టాండప్ కామెడీని, జీవనవృత్తిగా స్వీకరించిన తొలితరం భారతీయ కళాకారుల్లో ఒకరు. ఆయన హాస్యం ఎవరి మధ్య పుట్టింది, ఎవరిని లక్ష్యంగా చేసుకొంది, వెండితెరను చేరాక ఏ మార్పుకు లోనైంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జానీ లీవర్, స్టాండప్ కామెడీ, అనుకరణ, పగటివేషం, శ్రామికజీవితం, వలస.

1. ప్రవేశిక

తెలుగులో హాస్యాన్ని గురించిన చర్చ ఎక్కువగా ప్రహసనం, వ్యంగ్యరచన, సినిమా హాస్యపాత్రల చుట్టూ సాగింది. వేషం, కథ, సహనటులు ఏవీ లేకుండా ఒక వ్యక్తి ప్రేక్షకుల ఎదుట నిలబడి నవ్వించే ప్రక్రియ ఆ చర్చలో అంతగా చోటుచేసుకోలేదు. నాటకంలో నటుడు పాత్ర చాటున ఉంటాడు. స్టాండప్‌లో కళాకారుడు తన పేరుతో, తన మాటగా నవ్విస్తాడు. అందువల్ల అతని సామాజిక స్థానం ప్రదర్శనలో విడదీయరాని భాగమవుతుంది. ఈ విషయాన్ని గ్రహించడానికి జానీ లీవర్ జీవితం స్పష్టమైన ఉదాహరణ.

2. బాల్యం – వలస – జీవిక

జానీ లీవర్ అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957 ఆగస్టు 14న కనిగిరిలో ఒక తెలుగు క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి హిందుస్తాన్ లీవర్ కర్మాగారంలో కార్మికుడు. ఇంటికి పెద్దకొడుకైన ప్రకాశరావు ముంబయిలోని ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలో 7వ తరగతి వరకు చదివి, ఆర్థిక ఇబ్బందుల వల్ల చదువు మానేశారు.

బడి మానిన తరువాత ఆయన చేసిన పనుల్లో వీధుల్లో కలాలు అమ్మడం ఒకటి. సినీతారల గొంతులను అనుకరిస్తూ, పాటలకు నాట్యం చేస్తూ ఆయన కొనుగోలుదారులను ఆకర్షించేవారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ధారావి వంటి ప్రాంతంలో వేర్వేరు మాతృభాషల వారు పక్కపక్కనే నివసిస్తారు. వారందరికీ తెలిసిన గొంతులు సినిమా నటులవి. ఒక తెలుగు బాలుడు ఆ గొంతులను ఆశ్రయించడం వల్ల అతని అనుకరణ భాషాభేదాలను దాటగలిగింది. దారిన పోయేవారిని కొద్దిసేపు నిలబెట్టగలిగితేనే కలం అమ్ముడవుతుంది. ఆ విధంగా వీధి ఆయనకు తొలి రంగస్థలమైంది. అనంతరం ప్రతాప్ జానీ, రామ్ కుమార్ అనే అనుకరణ కళాకారుల వద్ద ఆయన ఈ కళలో మెలకువలు నేర్చుకొన్నారు.

3. కర్మాగారం ఇచ్చిన పేరు

తండ్రి పనిచేసే కర్మాగారంలోనే ప్రకాశరావు కూడా కార్మికుడిగా చేరారు. ఒకసారి సంస్థ వేడుకలో ఆయన కొందరు పై అధికారులను అనుకరించి చూపారు. తోటి కార్మికులు మురిసిపోయి ఆయనను ‘జానీ లీవర్’ అని పిలిచారు. ఆ పేరే స్థిరపడింది.

ఈ నామకరణాన్ని కేవలం వినోదాంశంగా భావించరాదు. అధికారి నడకను, మాటను, ఆజ్ఞాపించే తీరును కార్మికుడు రోజూ గమనిస్తాడు. ఎందుకంటే ఆ గమనింపు మీదే అతని ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. జానీ లీవర్ ఆ పరిశీలనను హాస్యసామగ్రిగా మార్చారు. ఆజ్ఞలు వినేవాడే కొద్దిసేపు ఆజ్ఞాపించేవాడి గొంతును సొంతం చేసుకొన్నాడు. పేరు యాజమాన్యానిది, పేరు పెట్టినవారు మాత్రం కార్మికులు.

4. పగటివేషంతో సామ్యం

తెలుగు ప్రదర్శనకళల్లో ఈ స్థితికి సమీపమైనది పగటివేషం. పగటివేషగాళ్లు ఊరిలోని వివిధ వృత్తులవారిని, పెద్దమనుషులను వారి కళ్లెదుటే అనుకరించి, చివరికి వారి నుంచే సంభావన స్వీకరిస్తారు. ఆ చనువుకు ఒక పరిమితి ఉంటుంది. వేషం ముగిసిన వెంటనే పెద్దవాడు పెద్దవాడే, వేషగాడు వేషగాడే. కర్మాగార వేడుక కూడా ఇటువంటిదే. అయితే జానీ లీవర్‌పై పగటివేషం ప్రత్యక్ష ప్రభావం చూపిందని దీని అర్థం కాదు. రెండింటి సామాజిక నిర్మాణం ఒకటేనని చెప్పడమే ఈ పోలిక ఉద్దేశం. భేదం కూడా ఉంది. పగటివేషం కుటుంబ పరంపరగా సంక్రమించే వృత్తి. జానీ లీవర్‌ది నగరంలో వ్యక్తి స్వయంగా నిర్మించుకొన్న వృత్తి.

5. వేదిక నుంచి వెండితెరకు

ప్రదర్శనల ఆదాయం పెరగడంతో ఆయన 1981లో కర్మాగారాన్ని విడిచిపెట్టారు. కల్యాణ్‌జీ–ఆనంద్‌జీ సంగీత విభావరుల్లో ఆయన పాల్గొనేవారు. 1982లో అమితాబ్ బచ్చన్ బృందంతో విదేశీ పర్యటన చేశారు. ఇటువంటి విభావరుల్లో హాస్యకారుడికి దక్కేది సాధారణంగా పాటకూ పాటకూ నడుమనున్న వ్యవధి మాత్రమే. గాయకుల కోసం వచ్చిన జనాన్ని అతడు కొద్ది నిమిషాల్లోనే తనవైపు తిప్పుకోవాలి. వీధిలో కలాలు అమ్మిన నాటి నైపుణ్యమే ఇక్కడా అక్కరకు వచ్చిందని చెప్పవచ్చు. ‘హసీ కే హంగామే’ క్యాసెట్ ఆయన గొంతును వేదికలకు రాలేని శ్రోతల ఇళ్లకు చేర్చింది.

ఆయన ప్రదర్శన చూసిన సునీల్ దత్ ‘దర్ద్ కా రిష్తా’ (1982) చిత్రంలో అవకాశం ఇచ్చారు. ‘బాజీగర్’ (1993)లోని మతిమరుపు సేవకుడు బాబూలాల్ పాత్ర విశేష ఖ్యాతిని తెచ్చింది. ‘దీవానా మస్తానా’, ‘దూల్హే రాజా’ చిత్రాలకు ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు లభించాయి.

6. తారుమారైన లక్ష్యం

వేదికపై ఆయన హాస్యానికి లక్ష్యం అధికారులు, తారలు. తెరపై మాత్రం ఆయనకు ప్రఖ్యాతి తెచ్చిన పాత్ర సేవకుడిది. ‘దూల్హే రాజా’లో కూడా ఆయన యజమాని కింద పనిచేసే మేనేజరే. పై వారిని చూసి నవ్వించిన కళాకారుడు తెరమీద కింది వాడిగా నిలిచి నవ్వులపాలయ్యాడు. నవ్వు అదే, దాని దిశ మారింది.

అయితే ఈ పరిణామాన్ని సంపూర్ణ పరాజయంగా నిర్ధారించడం సరికాదు. ‘బాజీగర్’ హాస్యసన్నివేశాల్లో చాలాభాగం తాను అప్పటికప్పుడు కల్పించుకొన్నవేనని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పారు. యజమాని పనిని చెడగొట్టే బాబూలాల్ మతిమరుపులో విధేయత ఎంత ఉందో అవిధేయత కూడా అంతే ఉంది. పాత్ర సేవకుడిదే అయినా, ఆ సన్నివేశపు గతిని నిర్ణయించింది వేదిక నేర్పిన ఆశువుగా కల్పించే శక్తి.

7. ఉపసంహారం

జానీ లీవర్ జీవితాన్ని పేదరికం నుంచి కీర్తికి చేరిన విజయగాథగా మాత్రమే చదివితే ఆయన కళకు మూలమైన శ్రమానుభవం మరుగున పడుతుంది. వీధి, కర్మాగారం, విభావరి, సినిమా అనే నాలుగు దశల్లో అనుకరణ అనే సాధనం ఒక్కటే. మారినవి ప్రేక్షకులు, వేతనం ఇచ్చేవారు, నవ్వుకు గురయ్యేవారు. ఏకవ్యక్తి హాస్యాన్ని పరిశీలించేటప్పుడు ‘ఏమన్నాడు’ అనే ప్రశ్నతో పాటు ‘ఎక్కడ నిలబడి అన్నాడు’, ‘ఎవరి సొమ్ముతో అన్నాడు’ అనే ప్రశ్నలు కూడా అవసరమని ఈ జీవితం నిరూపిస్తుంది.

హిందుస్తాన్ లీవర్ సంస్థ 2007లో హిందుస్తాన్ యూనిలీవర్‌గా పేరు మార్చుకొంది. కార్మికులు పెట్టిన ‘లీవర్’ అనే పేరు మాత్రం స్టాండప్ కళాకారిణి అయిన ఆయన కుమార్తె జేమీ లీవర్ ద్వారా రెండో తరంలోనూ వేదికపై వినబడుతూనే ఉంది.