చలికాలంలో కొండమీద యూత్ క్యాంప్: బయలుదేరే ముందు మాట్లాడుకోవాల్సినవి

మన ఇందుకూరుపేట వైపు సంఘాల్లో క్రిస్మస్ అయిపోగానే యవనస్థుల మధ్య మొదలయ్యే మాట ఒకటే, "ఈసారి క్యాంప్ ఎక్కడ?" అని. మైపాడు బీచ్ పక్కనే ఉంది కదా, అక్కడే పెట్టుకోవచ్చు కదా అని పెద్దలు అంటారు. పిల్లకాయలు ఒప్పుకోరు. రోజూ చూసే సముద్రం వాళ్లకి క్యాంప్ ఎలా అవుతుంది చెప్పండి! అందుకే ఈ ఎపిసోడ్‌లో హార్సిలీ హిల్స్ సంగతి మాట్లాడుకుందాం.

అసలు కొండెక్కి ప్రార్థన చేసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. నెల్లూరులో బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. పదమూడేళ్లయినా ఫలితం కనపడలేదని 1853లో అమెరికాలో దాన్ని మూసేద్దామా అని చర్చ కూడా జరిగింది. మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున, లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఆ తర్వాత 1878 జూలైలో గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఐదుగురు వెళ్లింది కూడా చలికాలంలోనే, గమనించారా?

సరే, హార్సిలీ హిల్స్. పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టర్‌గా ఉన్న హార్స్లీ అనే ఆయన ఎండలు తప్పించుకోవడానికి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, పేరు అలా మారిపోయింది. కింద మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లన్నీ కలిసి కట్టిన క్షయ ఆసుపత్రి ఉంది. ఆ రోజుల్లో టీబీకి మందు లేదు; పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే వైద్యం. వీలుంటే తిరుగు ప్రయాణంలో పిల్లలకి ఆ ఆవరణ చూపించండి.

ఇప్పుడు చలి సంగతి. మనకి జనవరిలో రాత్రి 20 డిగ్రీలు ఉంటేనే దుప్పటి కప్పుకుంటాం. సముద్రం పగలు పట్టుకున్న వేడిని రాత్రి మెల్లగా వదులుతుంది కాబట్టి మన ఊళ్లు పెద్దగా చల్లబడవు. కొండ మీద అలా కాదు. కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. హార్సిలీ హిల్స్ ఎత్తు 1,260 మీటర్ల పైనే. పైగా గాలి. తెల్లవారుజామున మన పిల్లలు ఎప్పుడూ చూడని చలి అది. ఒక మందపాటి స్వెట్టర్ కంటే రెండు మూడు పలచటి చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మేలు, మధ్యలో గాలి నిలిచి వేడి పోకుండా ఉంటుంది. మంకీ క్యాప్, పొడి సాక్సులు మర్చిపోవద్దు. సిమెంటు నేల మీద పడుకునేవాళ్లకి పైన దుప్పటి ఎంత ముఖ్యమో కింద చాప, బొంత అంతకంటే ముఖ్యం.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా వినండి. చలికి తట్టుకోలేక గదిలోకి బొగ్గుల కుంపటి తెచ్చి, తలుపులు, కిటికీలు బిగించి పడుకునేవాళ్లు ఉంటారు. దయచేసి అది చేయనివ్వకండి. పొగ లేదు కదా, నిప్పులే కదా అంటారు. ప్రాణం తీసేది పొగ ఒక్కటే కాదండి. సగం కాలిన బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట ఇది రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండటం. నిద్రలో ఉన్నవాడికి అవి కూడా తెలియవు. మన ఇళ్లల్లో ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి. గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి అంటే అది చలి జ్వరం అనుకోవద్దు. ముందు అందరినీ బయట గాలిలోకి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. మంట కావాలంటే బయట, అనుమతి ఉన్న చోట వేసుకోండి, ఆర్పేసి లోపలికి రండి.

రెండోది ప్రయాణం. నెల్లూరు, నాయుడుపేట, తిరుపతి, మదనపల్లె మీదుగా పోతే దాదాపు మూడు వందల కిలోమీటర్లు. "రాత్రి ఎక్కితే పొద్దుటికి దిగిపోతాం, ఒక రోజు గది అద్దె మిగుల్తుంది" అనే లెక్క అందరికీ నచ్చుతుంది. నాకు నచ్చదు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడింది రాత్రి పూటే. తెల్లవారి నాలుగింటికి బయలుదేరండి, ఘాట్లన్నీ వెలుతురులో దాటేస్తారు. మలుపుల్లో వాంతులు ఎక్కువ కాబట్టి ఆ పూట ఇడ్లీ చాలు, చేపల పులుసు వద్దు!

మూడోది డబ్బు, ఇది ఎవరూ పైకి అనరు. మనకి నాట్లు పడే రోజులివి. రొయ్యల గుంటల దగ్గర కూలికి పోయే అబ్బాయికి మూడు రోజుల క్యాంప్ అంటే మూడు రోజుల కూలి పోయినట్టే, పైన క్యాంప్ ఫీజు. వాడు "నాకు ఇష్టం లేదన్నా" అంటాడు గానీ డబ్బు లేదని అనడు. కాబట్టి జూన్ నుంచే నెలకి కొంత కట్టించుకోండి. ఎవరు ఎంత కట్టారో ఆ లెక్క ఒక్కరి దగ్గరే ఉండాలి. గుడిలో పేర్లు చదివితే మాత్రం వచ్చే ఏడు సగం మంది రారు.

ఆడపిల్లల తల్లిదండ్రులతో విడిగా కూర్చోండి. గదులు ఎక్కడ, తోడుగా వచ్చే అక్కలు ఎవరు, వాళ్ల ఫోన్ నంబర్లు ఏమిటి, అన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. కొండ మీద సిగ్నల్ దొరకకపోతే ఇంట్లో అమ్మ కంగారు పడుతుంది, అందుకే రాత్రి ఎనిమిదికి ఒకరు అందరి తరఫున ఫోన్ చేస్తారని ముందే చెప్పండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్‌ని పెద్ద బ్యాగులో కాదు, జేబులో పెట్టుకోవాలి.