కోత మడిని ఏర్పరచు అంకెల పట్టిక

పంటకోత ప్రయోగమునకు ఉద్యోగులు గ్రామమునకు వచ్చినపుడెల్ల ఒక వివాదము పుట్టుట మేము చూచుచున్నాము. చెరువు క్రింది మంచి మడిని కోసినచో పంట నిండుగా పండినట్లు వ్రాసుకొని పరిహారము లేదందురని భయపడి, ఎండిన చివరి మడినే కోయుడని రైతులు పట్టుబట్టుదురు. బాట ప్రక్క మడియైనచో బురదలో దిగనక్కరలేదని ఉద్యోగి తలంచును. రెండును తగవు. ఎవరి యిష్టమునకును తావులేకుండ మడిని నిర్ణయించుటకే యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఏర్పడినది.

ఇందు 0 మొదలు 9 వరకు గల అంకెలు ఏ క్రమమును లేక వరుసలుగా నుండును. ఏ చోటనైనను ఏ అంకె వచ్చుటకైనను సమానావకాశము కలదు. 1927లో టిప్పెట్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు జనాభా లెక్కల నివేదికలనుండి అంకెలను గ్రహించి, 41,600 అంకెల పట్టికను ప్రకటించెను. మనము కుండలో చీట్లు వేసి తీయుటయు నిట్టిదే. కాని కుండను బాగుగా కుదుపనిచో పైచీటియే చేతికి వచ్చును.

ఒక గ్రామమున వరి మళ్లు 237 కలవనుకొందము. వానికి 1 మొదలు 237 వరకు సంఖ్యలు వేయవలెను. 237 మూడంకెల సంఖ్య గనుక పట్టికను మూడేసి అంకెలుగా చదువవలెను. ఎచ్చట మొదలిడుటయో, ఏ దిక్కుగా చదువుటయో ముందే నిశ్చయించుకొనవలెను. ఉదాహరణమునకు 601, 740, 129, 158, 821, 309, 213, 046 అని వచ్చినవి. 237కు మించినవానిని విడువగా 129, 158, 213, 46 సంఖ్యల మళ్లు తేలినవి. 000 వచ్చినను, వచ్చినదే మరల వచ్చినను విడువవలెను. అయితే తేలిన మడి ఎండినదనియో, విరగపండినదనియో దానిని విడిచి వేరొక సంఖ్యను తీయరాదు. అట్లు చేసినచో పట్టిక యుండియు లేనట్లే.

మడిలో కోయు చోటును గూడ అంకెలే నిర్ణయించును. మడి పొడవు 60 అంగలు, వెడల్పు 40 అంగలు ఐనచో, కోత చదరపు ప్రక్క 5 మీటర్లు, అనగా సుమారు 7 అంగలు, తీసివేయగా 53, 33 మిగులును. వీనికి మించని రెండు సంఖ్యలను పట్టికనుండి తీయవలెను. 17, 26 వచ్చినచో నైరుతి మూలనుండి పొడవున 17 అంగలు, పిదప వెడల్పున 26 అంగలు నడచి, అచ్చట మేకు పాతి చదరము కొలువవలెను.

ఇట్టి చదరములు 400 చేరిన హెక్టారగును. కాబట్టి అందు 11 కిలోలు తూగినచో హెక్టారుకు 4,400 కిలోలని లెక్క. త్రాటి వెలుపలి దుబ్బులను లోపలికి చేర్చి ఒక్క కిలో పెంచినను లెక్కలో 400 కిలోలు పెరిగి, రావలసిన పరిహారము తగ్గును. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నియమములందు, గ్రామమే ప్రమాణమైనచోట ప్రధానమైన పంటకు కనీసము నాలుగు కోతలు విధింపబడినవి. ఆ నాలుగు చదరముల సగటే గ్రామమంతటి దిగుబడిగా నిలుచును!

పట్టిక చేయలేనిది యొకటి కలదు. జాబితాలో లేని మడిని అది తేలేదు. కౌలుదారు సాగుచేసిన వరి అడంగలులో బీడని వ్రాయబడియున్నచో, ఆ మడికి కోతలోనికి వచ్చు అవకాశమే యుండదు. కావున సభ్యులు కోతకు చాల ముందుగనే తమ పంట నమోదును చూచుకొనవలెను. కోతనాడు సంఖ్యలను మడి గట్టుమీదనే అడిగి వ్రాసికొని, త్రాడు బిగించునపుడును, ధాన్యము తూచునపుడును దగ్గర నిలువవలెను.