పాత చందమామలు తూకానికి పోతే మళ్లీ రావు: బొమ్మల కథల సేకర్త బ్లాక్‌బియర్డ్ జీవితం చెప్పే పాఠం

దుత్తలూరు: పండుగకు ముందు ఇల్లు వెల్ల వేయించే వేళ అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. అందులో నాయనో తాతో దాచుకున్న చందమామలు, బాలమిత్రలు, బొమ్మరిల్లులు బయటపడతాయి. పిల్లలు రెండు రోజులు తిరగేస్తారు. మూడో రోజు పాత పేపర్లు కొనేవాడి సైకిలు వీధిలోకి వస్తే అవన్నీ తూకానికి పోతాయి. మెట్ట ప్రాంతపు పల్లెల్లోనే కాదు, తెలుగువారున్న ప్రతి ఊరిలోనూ ఏళ్ల తరబడి జరుగుతున్నది ఇదే.

ఇలా తూకానికి పోబోతున్న బొమ్మల కథలను అడ్డుపడి కాపాడిన వ్యక్తి ఒకరు అమెరికాలో ఉండేవారు. ఆయన పేరు బిల్ బ్లాక్‌బియర్డ్. 2011 మార్చి 10న తన 84వ ఏట కన్నుమూశారు. ఆయన ధనవంతుడు కాదు, పెద్ద పదవిలో ఉన్నవాడూ కాదు. అయినా ఒక దేశపు బొమ్మల కథల చరిత్రలో పెద్ద భాగం ఈనాటికీ మిగిలి ఉందంటే అందుకు ప్రధాన కారకుడు ఆయనే. ఆయన చేసిన పని ఏమిటో, అది మన చందమామలకు ఎలా వర్తిస్తుందో తెలుసుకోవడం నేడు అవసరం.

గ్రంథాలయాలే పారవేసిన వేళ

బ్లాక్‌బియర్డ్ 1926 ఏప్రిల్ 28న ఇండియానా రాష్ట్రంలోని లారెన్స్‌లో జన్మించారు. బాల్యం కాలిఫోర్నియాలో గడిచింది. ఆ రోజుల్లో అమెరికా దినపత్రికలు ఆదివారం నాడు పిల్లలూ పెద్దలూ చదువుకొనే రంగుల బొమ్మల కథలను ప్రత్యేక అనుబంధంగా ఇచ్చేవి. 1890 దశకంలో మొదలైన ఈ ఆచారం కొద్ది కాలంలోనే దేశమంతటా వ్యాపించింది. ఒక్కో కథ పత్రిక పేజీ అంతటినీ ఆక్రమించేది. సోమవారం నాటికి ఆ పేజీ పొట్లం కట్టడానికి పోయేది. ఆ పేజీలు బాలుడైన బ్లాక్‌బియర్డ్‌ను ఆకట్టుకున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చిన తరువాత కూడా ఆ మక్కువ పోలేదు.

1960 దశకంలో బొమ్మల కథల చరిత్ర రాయాలని ఆయన సంకల్పించారు. పాత పత్రికల కోసం వెతకగా ఒక విషయం తెలిసి విస్తుపోయారు. దశాబ్దాలుగా బైండు చేసి భద్రపరచిన దినపత్రికల సంపుటాలను దేశంలోని గ్రంథాలయాలు ఒక్కటొక్కటిగా వదిలించుకుంటున్నాయి. పేజీలను మైక్రోఫిల్మ్‌పై చిత్రీకరించి, అసలు సంపుటాలను చెత్తకో, వ్యాపారులకో ఇచ్చేస్తున్నాయి.

గ్రంథాలయాధికారుల వాదనలో కొంత నిజం లేకపోలేదు. దినపత్రిక ముద్రించే కాగితం కర్ర గుజ్జుతో తయారవుతుంది. అందులోని లిగ్నిన్ అనే పదార్థం గాలికి, వెలుతురుకు మార్పు చెంది కాగితాన్ని పసుపు రంగుకు తిప్పుతుంది. గుజ్జులో మిగిలిన ఆమ్లం క్రమంగా కాగితపు పోగులను తినివేసి, అంచులను పెళుసుగా మారుస్తుంది. పైగా బైండు సంపుటాలు గదులకు గదులు ఆక్రమిస్తాయి. ఫిల్ము చుట్టలైతే ఒక బీరువాలో ఇమిడిపోతాయి.

అయితే ఆ ఫిల్ము నలుపు తెలుపుల్లో ఉండేది. వార్తను చదువుకోవడానికి అది చాలు. రంగుల బొమ్మ మాత్రం అందులో బూడిద రంగు మరకగా మిగిలేది. వార్త మిగిలి బొమ్మ పోతున్నదని అప్పట్లో గుర్తించినవారు అతి కొద్దిమంది. వారిలో బ్లాక్‌బియర్డ్ ముందు వరుసలో నిలిచారు.

ఇల్లే గ్రంథాలయం

ఆ సంపుటాలను తనకు ఇవ్వమని ఆయన అడిగారు. వ్యక్తులకు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని, సంస్థలకైతే ఇవ్వవచ్చని సమాధానం వచ్చింది. ఆయన వెనుదిరగలేదు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో అకాడమీ ఆఫ్ కామిక్ ఆర్ట్ పేరుతో లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. ఆ సంస్థకు భవనం లేదు. తాము ఉంటున్న అద్దె ఇల్లే దాని కార్యాలయం.

ఆనాటి నుంచి లారీలలో సంపుటాలు తరలించడం, ఇంటికి చేర్చడం, పేజీ పేజీ తిరగేసి బొమ్మల కథలను కత్తిరించడం, తేదీల వారీగా పేర్చడం ఆయన దినచర్య అయింది. ఒక కథలో ఏ రోజు భాగం లేదో చూసుకొని, దాని కోసం మరో ఊరి గ్రంథాలయానికి పరుగెత్తేవారు. గదులు నిండాయి. కారు షెడ్డు కూడా నిండింది. పరిశోధకులు, ప్రచురణకర్తలు వస్తే ఆ గుట్టల మధ్యనే కూర్చొని తమకు కావలసినది చూసుకొనేవారు.

ఈ శ్రమ వృథా పోలేదు. 1977లో మార్టిన్ విలియమ్స్‌తో కలిసి ఆయన రూపొందించిన స్మిత్‌సోనియన్ సంస్థ వారి బొమ్మల కథల సంకలనం చూసిన తరువాతే చదువుకున్నవారు ఎందరో ఈ కళను గౌరవంతో చూడసాగారు. 1913 నుంచి 1944 వరకు సాగిన క్రేజీ క్యాట్ వంటి కథలు పుస్తకాలుగా తిరిగి రావడానికి ఆయన దాచిన పేజీలు ఆధారమయ్యాయి.

1997లో అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అంతటి సేకరణకు మరో ఇల్లు దొరికే పని కాదు. అప్పుడు ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం ముందుకు వచ్చింది. మొత్తం బరువు సుమారు 75 టన్నులు. తరలించడానికి ఆరు భారీ ట్రక్కులు పట్టాయి. కత్తిరింపులు, పేజీలు కలిపి దాదాపు 25 లక్షలని అంచనా. అవన్నీ నేడు ఆ విశ్వవిద్యాలయంలోని బిల్లీ ఐర్లాండ్ కార్టూన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అడిగినవారికి చూపుతారు.

కోట్ల ధర ఎందుకు?

బొమ్మల కథల సేకరణ అనగానే ముందుగా ధరలే చర్చకు వస్తాయి. సూపర్‌మేన్ తొలిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక వెల అప్పట్లో 10 సెంట్లు. 2024 ఏప్రిల్‌లో ఒక ప్రతి వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. అంటే మన రూపాయల్లో దాదాపు 50 కోట్లు. ఆ ధరకు కథానాయకుడి పేరు ఒక కారణం. అందరూ పారవేయడం మరో కారణం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పాత కాగితం సైన్యానికి ఉపయోగమని చెప్పి పిల్లల చేత ఇల్లిల్లూ తిప్పి సేకరింపజేశారు. బొమ్మల పుస్తకాలు ఎన్నో ఆ కుప్పల్లో కలిసిపోయాయి.

డెన్వర్ నగరంలో ఎడ్గర్ చర్చ్ అనే చిత్రకారుడు ఉండేవారు. ప్రకటనలకు బొమ్మలు గీయడం ఆయన వృత్తి. ఆయన కొని ఇంట్లో పేర్చుకున్న పుస్తకాలు 18 వేల నుంచి 22 వేల వరకు ఉంటాయని చెబుతారు. అక్కడి పొడి వాతావరణం వల్ల అవి కొత్తవాటిలా మిగిలాయి. 1977లో కుటుంబ సభ్యులు వాటిని ఒక వ్యాపారికి అమ్మారు. మరుసటి ఏడాది చర్చ్ మరణించారు. ఆ పుస్తకాలు ఒక్కొక్కటిగా దేశమంతటా సంపన్నుల చేతుల్లోకి వెళ్లాయి.

ఇద్దరూ శ్రద్ధగా దాచినవారే. ఒకరి సేకరణ చెల్లాచెదురై అల్మరాలకు చేరింది. మరొకరిది ఒక్కచోట నిలిచి అందరికీ అందింది. సేకర్త జీవితకాలంలో ఎంత కూడబెట్టారన్నది ఒక ఎత్తు, ఆయన తరువాత అది ఎక్కడికి చేరిందన్నది మరో ఎత్తు.

పొరుగున ఒక ఉదాహరణ

ఇందుకు అమెరికా దాకా పోనవసరం లేదు. తమిళనాడులోని కారైకుడి సమీపాన కోట్టైయూరులో రోజా ముత్తయ్య అనే చిత్రకారుడు ఉండేవారు. సైన్‌బోర్డులు రాయడం ఆయన వృత్తి. పుస్తకాలు, పత్రికలతో పాటు ఇతరులు చెత్తగా భావించే నాటకాల కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు, పాటల పుస్తకాలు కూడా దాచారు. 1992లో ఆయన మరణించే నాటికి అవి సుమారు లక్ష. షికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొన్నది. అయితే దేశం దాటించకుండా చెన్నైలోనే ఆయన పేరిట పరిశోధక గ్రంథాలయం ఏర్పాటుకు తోడ్పడింది. తమిళ సాహిత్య చరిత్ర రాసేవారికి నేడు అది ముఖ్య కేంద్రం.

మన చందమామ సంగతి

తెలుగులో పిల్లల పత్రికల చరిత్ర చిన్నది కాదు. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల'ను ప్రారంభించారు. 1947 జులైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి 'చందమామ'ను తెచ్చారు. 1952 నుంచి 1980లో మరణించే వరకు కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించారు. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ గీసిన బొమ్మలు లేనిదే ఆ కథలు లేవు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడిచే బొమ్మ గీసిన శంకర్ 2020 సెప్టెంబరులో మరణించారు.

తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ వంటి ధారావాహికలు రాసినది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. ఆ కథలను నెలనెలా ఎదురుచూసి చదివిన పిల్లల్లో చాలామందికి రచయిత ఎవరో పెద్దయ్యాకే తెలిసింది. 2010 జనవరిలో ఆయన కన్నుమూశారు.

1998లో ఆగిన చందమామ 1999 చివర తిరిగి వెలువడింది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ సంస్థ చేతిలోకి వెళ్లింది. 2013లో ముద్రణ ఆగిపోయింది. పాత సంచికలను అంతర్జాలంలో చూసుకొనే వీలు కల్పించిన సంస్థ వెబ్‌సైట్ కూడా ఆ తరువాత నిలిచిపోయింది. ఇంటర్నెట్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండరాదనడానికి ఇదే నిదర్శనం. అంతకు ముందే కొందరు పాఠకులు తమ దగ్గరున్న సంచికలను స్కాన్ చేసి దాచుకోవడం వల్ల ఎన్నో మిగిలాయి.

కథలు పుస్తకాలుగా మళ్లీ వస్తున్నాయి కదా, పాత సంచిక ఎందుకన్న ప్రశ్న సహజం. పునర్ముద్రణలో కథ వస్తుంది. ఆ నెల అట్టబొమ్మ, ఫోటో వ్యాఖ్యల పోటీలో బహుమతి పొందినవారి పేర్లు, సబ్బులకూ బిస్కత్తులకూ ఇచ్చిన ప్రకటనలు, వెల ఎన్ని అణాలన్న వివరం రావు. ఒక కాలంలో తెలుగు ఇల్లు ఎలా ఉండేదో చెప్పేవి అవే.

ఇంట్లో ఉంటే ఏం చేయాలి?

కాగితానికి మొదటి శత్రువు తేమ. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీరు చేరి అరుదైన పుస్తకాలు తడిసిపోయాయి. అంతటి సంస్థకే ఆ కష్టం వస్తే ఇంటి సంగతి చెప్పనవసరం లేదు. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ మూడు నెలలు మరింత జాగ్రత్త అవసరం.

* పెట్టెను నేల మీద, గోడకు ఆనించి ఉంచరాదు. బల్ల మీదనో, ఇటుకల మీదనో ఎత్తుగా పెట్టాలి. చెదలు పట్టాయేమో నెలకోసారి చూడాలి.
* చిరిగిన పేజీలకు సెల్లోటేపు అంటించరాదు. కొన్నేళ్లకు జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక మిగులుతుంది.
* లామినేషన్ చేయించరాదు. ఒకసారి చేయిస్తే కాగితం పాడుకాకుండా విడదీయడం దాదాపు అసాధ్యం.
* తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా తీసి, నూలు దారంతో కుట్టుకోవచ్చు.
* తడిసిన పుస్తకాన్ని మండుటెండలో పెట్టక, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలి.
* ఏ పత్రిక, ఏ నెల, ఏ సంవత్సరం అన్న వివరాలతో జాబితా రాసి పెట్టెలోనే ఉంచాలి. పెట్టెలో ఏముందో తెలిస్తే తరువాతి తరం తొందరపడి అమ్మదు.

ఫోనుతోనైనా పేజీలను ఫోటో తీసి దాచుకోవడం మేలు. అయితే ఇతరులకు పంచే ముందు కాపీరైట్ సంగతి చూసుకోవాలి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత కూడా 60 ఏళ్ల పాటు ఆ హక్కులు వారసులకో, హక్కుదారులకో ఉంటాయి.

ఇంట్లో దాచే వీలు లేనివారు శాఖా గ్రంథాలయాన్నో, కళాశాల గ్రంథాలయాన్నో ముందుగా అడిగి, తీసుకుంటామంటే అప్పగించవచ్చు. వందేళ్లకు పైగా పాత పత్రికలను కాపాడుతున్న వేటపాలెం సారస్వత నికేతనం మన జిల్లాకు ఎంతో దూరం కాదు. 1918లో ఒక గ్రామంలో మొదలైన సంస్థ అది. పల్లెలో ఇలాంటి పని సాధ్యం కాదనడానికి వీల్లేదు.

బ్లాక్‌బియర్డ్ కాపాడిన పేజీల్లో ఏ ఒక్కటీ ఆయన గీసినది కాదు, రాసినదీ కాదు. ఎవరో గీసినవాటిని, ఎవరో పారవేస్తున్నవాటిని ఆయన ఎత్తి పక్కన పెట్టారు. పాత పేపర్ల తూకంలో నాలుగు కిలోల చందమామలకు వచ్చేది ఒక పూట కూరగాయల ఖర్చు. ఆ పెట్టెను అటక మీదికి తిరిగి ఎక్కించే ముందు ఒక్కసారి దుమ్ము దులిపి, జాబితా రాసి ఉంచితే ఆ సేకర్త చేసిన పనిలో కొంత మన ఊళ్లోనూ జరిగినట్లే.