మీకు తెలుసా? బ్లేడు పదును నీళ్ల దగ్గరే మొదలవుతుంది

మార్కాపురం, గిద్దలూరు వైపు చాలా ఊళ్లలో బోరు నీటికి సబ్బు సరిగా నురగ కట్టదు. తప్పు సబ్బుది కాదు, ఫ్లోరైడ్‌దీ కాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి. నురగ పలచబడితే బ్లేడు జారదు, చర్మాన్ని గీకుతుంది. అందుకే తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్లు ఒక గ్లాసు గడ్డానికి కేటాయిస్తే, ఖరీదైన రేజర్ కొన్నదానికంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది.

ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది. మరి బ్లేడు ఎందుకు పాడవుతుంది? అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పరిశీలించారు. అంచు మెల్లగా అరిగిపోవడమే కాదు, వెంట్రుక వంగి ఒక కోణంలో తగిలినచోట సన్నటి పెచ్చులుగా ఊడుతోందని తేలింది.

గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటితో తడిపితే వెంట్రుక నీరు పీల్చి మెత్తబడుతుంది, తేలిగ్గా తెగుతుంది.

ఇక రేజర్ల సంగతి. కింగ్ జిల్లెట్ 1904లో పేటెంట్ పొందిన రెండంచుల బ్లేడు పద్ధతి ఇప్పటికీ చవకైనది. సెలూన్లలో పాత మంగలి కత్తి స్థానంలోకి వచ్చిన సగం బ్లేడు కూడా దీన్ని విరిచిందే. మనిషికో కొత్త ముక్క వాడితే రక్తం ద్వారా సోకే జబ్బుల భయం తగ్గుతుంది. అడిగి మరీ మార్పించుకోవాలి. మూడు, నాలుగు బ్లేడ్ల కార్ట్‌రిడ్జ్ నున్నగా గీస్తుంది గానీ, ఉంగరాల గడ్డం ఉన్నవారికి వెంట్రుక చర్మంలోకే పెరిగి కురుపులు రావచ్చు. వాళ్లకు ఒంటి బ్లేడే మేలు.